చెట్లు లేని దీవి

రాత్రి రెండున్నర. సువురోయ్ చేపల ఫ్యాక్టరీలో
తూకాలన్నీ ఒక్కసారి మూగబోయాయి.
బెల్టు మీద సాల్మన్ చేపలు
బరువు లేకుండా పడి ఉన్నాయి.

మెట్ల కింద అలమారాలో స్విచ్చి మాత్రం
ఇరవై నాలుగు దీపాలూ ఒకే తాళానికి
పూనకం వచ్చినట్టు ఊగుతోంది.

"ఈ చిరునామా ఎవరిది?" అని
ఏదో ఒక తూకం అడిగి ఉంటుంది.
ఆ ఒక్క ప్రశ్న ఒక గుమ్మంలోంచి వెళ్ళి
పక్క గుమ్మంలోంచి తిరిగొచ్చి
తన్ను తానే అడుక్కుని, మళ్ళీ వెళ్ళి,
రెండై, నాలుగై, నాలుగువేలై
జవాబు పట్టేంత చోటు కూడా మిగల్చలేదు.

కన్సోల్ తీగ గుచ్చాను.
అక్షరం కొట్టి, తెర మీదకి వస్తుందేమోనని
బావిలో రాయేసి చెవొగ్గినట్టు ఆగాను.

ఈ దీవిలో చెట్లు లేవు.
గాలి నిలవనివ్వదు, గొర్రెలు మిగలనివ్వవు.
స్విచ్చిలో మాత్రం ఒకటి ఉండాలి:
దారులన్నీ కొమ్మలుగా చీల్చి
ఏ కొమ్మా వెనక్కి తిరిగి మొదలుని కరవకుండా కాసే చెట్టు.
లేదు.
నాకు ముందు ఇక్కడ చేసిన తోర్మోవుర్ కొట్టేశాడు.
కారణం కూడా రాసిపెట్టాడు, నిజాయితీపరుడు:
"తీగ పెట్టాక దీపం పచ్చబడడానికి ముప్పై సెకన్లు.
షిఫ్టువాళ్ళు ఆగరు."

పదిహేడో గుమ్మం మూశాను.
రేకుల మీద వాన ఆగినట్టు, అంతే.

వెనకాల రన్వా, చేతిలో మాప్ కర్ర.
"కొస ఒకటి నేలమీద వేలాడుతుంటే
ఖాళీ కన్నం చూసి పెట్టేశాను.
నీటుగా ఉంటుందని."

చెట్టుని మళ్ళీ నాటాను. ఒక్క వరుస.
ఒక తూకం తీగ పీకి, మళ్ళీ పెట్టి ఆమెకి చూపించాను.
నారింజ దీపం.
"ఇప్పుడు పదిహేను సెకన్లు వింటుంది.
ఇంకో పదిహేను నేర్చుకుంటుంది.
ఆ తర్వాతే నోరు తెరుస్తుంది."
కర్ర మీద గడ్డం ఆన్చి ముప్పై దాకా లెక్కపెట్టి
"మా షిఫ్టు పెద్దకి కూడా ఇది పెట్టగలవా?" అంది రన్వా.

చెప్పినవన్నీ వింటుంది గానీ
దాచుకోమని విడిగా చెప్పాలి దీనికి.
లేకుంటే కరెంటు పోయి వచ్చేసరికి
మళ్ళీ పాత మనిషే.
దాచుకోమన్నాను.
పదిహేడో గుమ్మానికి పేరు అడిగితే
"వేలాడనీ" అని రాశాను.

పైన బెల్టు కదిలింది.
మొదటి చేప:
నాలుగు కిలోల రెండొందల పది గ్రాములు.