గుడి, కొమ్ము

కోసిగి ఎమ్మార్సీలో పైనున్న ఫ్యాన్లు తిరగవు.
ప్రొజెక్టరు కడుపులో చిన్న ఫ్యాను ఒకటి తిరుగుతుంది.
దాని గాలికే కూర్చున్నట్టు అందరమూ ముందుకు వంగినాం,
నలభై ముగ్గురు టీచర్లం.
పొద్దున తిన్న ఉగ్గానిలో పచ్చిమిరపకాయ
ఇంకా నాలుక దిగలేదు.

నేర్పించడానికి వచ్చిన పిల్లోడి పేరు ప్రహర్ష.
"భయమొద్దు మేడమ్, మనిషిని అడిగినట్టే అడగండి" అన్నాడు.
మద్దిలేటి సారు రిటైరుకు ఏడు నెలలుంది.
ఫోను నోటి దగ్గర పెట్టుకుని
జిల్లా ఆఫీసుకు ట్రంకాల్ చేసినట్టు అరిచినాడు:
"అయ్యా, నాలుగో తరగతికి పాఠ్యప్రణాళిక కావల్ల!"
అది "తప్పకుండా" అన్నది.
ముప్పై మూడేండ్ల సర్వీసులో
ఆయనకు పైనుంచి ఆ మాట రావడం అదే మొదలు.

నేనేం వెక్కిరించడం లేదు.
నాకూ ఆదివారాలుండేవి,
బూట్ల కొలతలు, కోడిగుడ్ల లెక్క,
మరుగుదొడ్డి కడగకముందు ఒక ఫొటో, కడిగినాక ఒక ఫొటో
తినేసిన ఆదివారాలు.
యూనిట్ టెస్టు మార్కులన్నీ
టీ చల్లారేలోపు పట్టిక కట్టిచ్చింది.
ఎవరు ఒత్తుల దగ్గర తడబడుతున్నారో చెప్పింది,
నిజమే చెప్పింది.
ఇరవై ఏండ్లుగా మెడలో కాపురమున్న నొప్పి
లేచి నిలబడి, పోయొస్తానన్నట్టయింది.

మధ్యాహ్నం మా బడి హాజరు తీసినాను.
యాభై ఎనిమిది మందిలో పంతొమ్మిది.
"కారణం ఒక్క మాట రాయండి మేడమ్, మిగతాది అదే చూసుకుంటుంది."
రాసినాను: సుగ్గి.
కంది కోత అయిపోతే చాలు, మా వీధులకు తాళాలు పడతాయి.
గుంటూరు పక్క మిరప చేలకు
చట్లూ చాపలూ కోళ్లగంపలూ
వాటి సందుల్లో పిల్లలూ లారీలెక్కుతారు.
ఆ రెండక్షరాల్లో ఇదంతా ఉందని
నాకు తెలుసు, మద్దిలేటి సారుకు తెలుసు,
స్టేషన్లో చాయ్ అమ్మే ఖాజాకు తెలుసు.

అది మర్యాదగా దిద్దింది:
"ముప్పై తొమ్మిది మంది విద్యార్థులు
సిగ్గు కారణంగా బడికి రావడం లేదు.
వారిలో ఆత్మవిశ్వాసం పెంచడానికి అయిదు సూచనలు."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.
ఒకటో తరగతిలో రోజూ చెప్పేదే కదా,
సకు గుడిస్తే సి, సకు కొమ్మిస్తే సు.
గుడీ కొమ్మూ తావులు మార్చుకున్నాయి, అంతే.
తుడిపేస్తే పోయేదే.
వేలు ఆడలేదు.
సిగ్గు ఉంది, కారణమూ అదే,
పిల్లలది మాత్రం కాదు.

ప్రహర్ష వచ్చి తొంగి చూసినాడు.
"సుగ్గి అంటే ఏంటి మేడమ్?"
విజయవాడ పిల్లోడు, పాపం. చెప్పినాను.
కాసేపు తల గోక్కుని,
"దానికి కూడా చెప్పండి, చెప్తే సరిచేసుకుంటుంది" అన్నాడు.
చెప్పినాను. క్షమించమని అడిగింది.
ఆ మాట కూడా మద్దిలేటి సారుకు చూపించినాను.

సాయంత్రం బస్సులో
మిగిలిన గంటను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను,
ఎవరో మరిచిపోయిన సంచిలా.
ఏం చేయాల్నో తెలియక మళ్లీ దాన్నే అడిగినాను:
మిరప చేలో ఉన్న పదేండ్ల పిల్లకు
భిన్నాలు ఎట్లా చెప్పాల?
టిక్కీ లెక్కలిచ్చింది.
సగం టిక్కీ, పావు టిక్కీ, ముప్పావు టిక్కీ.
బాగానే ఉన్నాయి.
నాలుగు మాటలు మా యాసకు తిప్పి
నా గొంతుతో చదివి
వాళ్ల మేస్త్రి ఫోనుకు పంపినాను,
హుసేనమ్మకు వినిపించమని.

రాత్రి తొమ్మిదిన్నరకు జవాబొచ్చింది.
వెనక గాలి, గిన్నె తోమే చప్పుడు.
"ముప్పావు నింపితే ఒప్పుకోరు టీచర్.
తొక్కి తొక్కి నిండా కుక్కల్ల."

పదకొండు సెకన్లు.
చివరి మూడింట్లో మాటల్లేవు,
మిరప ఘాటుకు దగ్గు.