కూలి అన్న చోటల్లా

బ్రాడీపేట నాలుగో లైనులో, మెట్ల కింద నా కొట్టు.
రేపు పదింటికి ప్రాజెక్టు ఇవ్వాల్సిన వాళ్లంతా
ఈ రాత్రి తొమ్మిదింటికే గుర్తొచ్చినట్టు వస్తారు.

కెజియా వచ్చింది,
పెన్ డ్రైవు చున్నీ కొసకు ముడేసుకుని.
ఎమ్మే సోషియాలజీ. అరవై నాలుగు పేజీలు.
తప్పు కనపడితే చాలు
బ్యాక్‌స్పేస్ మీద వేలు ఆనించి
మంచి మాటల్ని కూడా తినుకుంటూ
వాక్యం మొదటిదాకా వెనక్కి పోతుంది.

"అంత దూరం నడవకమ్మా" అన్నాను.
"కంట్రోల్ పట్టుకుని బాణం నొక్కు,
మాట మీంచి మాట మీదికి దూకుతావు.
షిఫ్టు కూడా కలిపితే
దాటిన మాటలన్నీ నీ వెంటే వస్తాయి.
రెండుసార్లు తడితే మాట,
మూడుసార్లు తడితే పేరా మొత్తం లేచి నిలబడుద్ది.
మౌసు కోసం చెయ్యి చాచినప్పుడల్లా
రాయబోయే ముక్క జారిపోద్ది."

స్త్రీ అని కొట్టి చూపించాను.
వెనక నుంచి బ్యాక్‌స్పేస్ నొక్కితే
ముందు గుడిదీర్ఘం ఊడింది,
తర్వాత రావత్తు, తర్వాత తావత్తు,
చివరికి ఒంటరి స.
ముందు నిలబడి డిలీట్ నొక్కితే
ఒక్క దెబ్బకే మొత్తం.
"గుణింతం తప్పితే మొదటిది, అక్షరమే తప్పైతే రెండోది.
తేడా తెలిసిందా?"
"తెలుసక్కా" అంది.
ఏం తెలుసో చెప్పలేదు.

"కూలి అన్న మాట బాలేదన్నారు సారు.
అన్నిచోట్లా శ్రామికురాలు పెట్టమన్నారు."
"ఎన్ని చోట్ల?"
"లెక్కపెట్టలా."
కంట్రోల్ హెచ్.
పై గడిలో కూలి, కింది గడిలో శ్రామికురాలు.
అన్నీ మార్చు.
రెప్పపాటులో రెండువందల పన్నెండు మార్పులు,
పందెం గెలిచినట్టు చెప్పింది మిషను.

పదిహేడో పేజీ:
"తొడిమలు తీసినందుకు రోజు శ్రామికురాలు మూడువందల యాభై."
ఇద్దరం నవ్వాం.
ముప్ఫై ఒకటి:
"సాయంత్రం శ్రామికురాలు ఇవ్వకుండా రేపు రమ్మంటారు."
కుర్చీ చక్రాలు వెనక్కి జరిగేంత నవ్వాం.
నలభై ఆరు:
"గాలివానకు రేకుల షెడ్డు శ్రామికురాలుపోయింది."

నేను నవ్వాను.
ఆమె తెర దగ్గరికి వంగింది.
"ఇదొక్కటీ ఉంచితే తప్పా అక్కా?
ఆ రోజు ఇద్దరు పోయారు."

సెలవుల్లో తనూ వాళ్లమ్మ పక్కన
మిరపకాయల రాశి ముందు కూర్చుంటుందట.
కళ్లు తుడుచుకోడానికి మణికట్టు వాడింది,
వేళ్లు దూరంగా పెట్టి.

కంట్రోల్ జెడ్.
రెండువందల పన్నెండూ ఒక్కసారే వెనక్కొచ్చాయి.
షెడ్డు మళ్లీ కూలిపోయింది.

పూర్తి మాటలే వెతుకు అన్న గడిలో టిక్కు పెడితే
కూలికి, కూలితో, కూలివాళ్లు ఎవరూ దొరకరు.
మన మాటలకు తోకలుంటాయని
ఆ గడి చేసినవాడికి ఎవరు చెప్పాలి?
అందుకని ఒక్కొక్కటే:
తర్వాతది. చదువు. ఇది మనిషా, డబ్బా, పడిపోవడమా?
మార్చు, లేదా వదిలెయ్. తర్వాతది.
ఆగిన చోటల్లా సేవ్.
పదకొండున్నరకు కరెంటు పోయింది.
వచ్చేదాకా ఇద్దరం చీకట్లో ఏం మాట్లాడుకోలేదు.
ఒక్క అక్షరమూ పోలేదు.

రెండు ఫైళ్లు చేసింది.
ఒకదానికి సారుకి అని పేరు పెట్టింది.
రెండోదానికి ఏం పెట్టాలో తోచక
నా వైపు చూసింది. నాకూ తోచలేదు.

పేజీకి మూడు చొప్పున నూట తొంభై రెండు.
రెండు వదిలేశాను.
షట్టరు దించేముందు రోజూలాగే కీబోర్డు తుడిచి
మర్చిపోయి కన్ను నలుపుకున్నాను.