పోసిందా, తట్టిందా?

సిరొంచల మా పోచుబాయత్త
సర్వపిండికి తవ్వెడు బియ్యప్పిండి అంటది.
గ్రాములల్ల రాసుకుందామని కాటా తెచ్చిన.
"పోసిందా, తట్టిందా?" అనడిగింది.

పోస్తే రెండువందల డెబ్బై.
తవ్వను నేలకు రెండుసార్లు తడితే
మూడువందల నలభై.

సంతల ఇప్పపూవు కొనేటప్పుడు
సావుకారి పాయిలీ తట్టి తట్టి నింపేటోడట.
ఉప్పు అమ్మేటప్పుడు మాత్రం
ఊపిరి తగిలితే కుంగుతదన్నట్టు పోసేటోడట.
"గప్పుడు పట్టింది నాకీ అడుగుడు రోగం."

నువ్వులకొక అంకె, పల్లీలకొకటి,
కారానికి ఇంకొకటి.
నీళ్ల కాడ పెన్ను ఆగింది.
అత్త చెంబు వంచింది, ఆపింది,
ముద్దల వేలు గుచ్చి
గుంట పూడుతదా నిలుస్తదా అని
జరసేపు చూసింది.
మళ్ల వంచింది.

కాటా అప్పటికే
దానంతటదే ఆరిపోయింది.