ఫార్మాట్ చేయాలా?

పార్క్‌లేన్‌ల మూడో అంతస్తు. కరెంటు పోయొచ్చిన పగటిపూట
సైదులు దస్తీ విప్పి డిస్కు తీసిండు.
"మా ఉస్తాద్‌దన్నా, శాలిబండ ఖయ్యూం భాయ్.
మొన్ననే చాలీస్వాఁ అయింది."

కేబుల్ పెట్టిన.
విండోస్‌కు అది డిస్కు లెక్కనే కానరాలె.
పేరు లేదు, ఏ జాతో తెల్వది,
వాడాలంటే ఫార్మాట్ చేయాలట.
చేయమంటరా? అని మర్యాదగ అడుగుతున్నది,
తనకు రాని లిపిల ఉన్న ఉత్తరాన్ని
తెల్లకాయితం అనుకునే గుమాస్తా తీరు.

సైదులు చెయ్యొచ్చి నా మౌస్ మీద పడ్డది.

మూలకున్న పాత లాప్‌టాప్, లైనక్స్‌ది, దుమ్ము దులిపి
దానికి తగిలిచ్చిన.
చిన్న తాళం బొమ్మ.
రెండొందల ముప్పైరెండు జీబీ.
లోపల ఏమున్నదో దానికీ తెల్వది,
ఉన్నదని తెలుసు. అంతే.

బిడ్డ పేరు కొట్టినం. స్కూటర్ నంబరు.
ఆయన మొదటి కెమెరా.
తాళం కదల్లే.

"మందివి పెండ్లిళ్లున్నయన్నా ఇండ్ల,"
అన్నడు సైదులు, దస్తీ మళ్ల చుట్టుకుంట.
"ఆగు" అని గుంజుకొని
మార్కర్‌తోని డిస్కు వీపు మీద రాసిన,
రేపు ఇంకో దుకాన్ల
ఎవడన్న 'అవును' నొక్కకముందు చదువుకోవాలె గద:

ఖాళీ కాదు.