నాన్న సద్ది డబ్బా

ఇర్మా, నీ నవలని సినిమా తీశారు.
నిన్న శనివారం మన ఊళ్ళోనే వేశారు,
పదకొండేళ్ళుగా మూతపడ్డ హాలు తెరిచి,
గబ్బిలాలని తోలి,
స్ప్రింగులు పొడుచుకొచ్చిన సీట్ల మీద కంబళ్ళు పరిచి.
బయట సున్నాకి కింద ఇరవై రెండు.
హిల్యా మనవడు పాప్‌కార్న్ పొట్లం నాకు ఊరికే ఇచ్చాడు,
రచయిత్రి అక్కని కదా!

మొదట దండెం మీద అమ్మ ఆరేసిన దుప్పట్లు చూపించారు,
కొంగ రెక్కల్లా, తెల్లగా.
ఒక్కదాన్నే నవ్వాను.
పోయినేడు బట్టల విభాగం పిల్ల వచ్చి అడిగితే
సీసాడు ఎర్రమట్టి ఇచ్చి పంపాను,
ఉతికే నీళ్ళలో ఇది కలపండమ్మా అని.
ఆ సీసా ఏ బల్లమీద ఉండిపోయిందో.
ఇనుప గనుల ఊళ్ళో తెల్లగుడ్డ ఎవరు చూశారు?
అమ్మని పెట్టెలో పడుకోబెట్టినప్పుడు
పరిచిన దుప్పటికీ కాస్త గులాబీ జీర ఉంది.

నీ వేషం వేసిన పిల్ల బాగా చేసింది.
దానికే ఎక్కువ మాటలు. ఎప్పుడూ అంతేగా.
నా వేషం పిల్లది ఎడమచేతి వాటం. పోనీ.
మన ఫిన్నిష్ మాటలు నాలుగంటే నాలుగు ఉంచారు,
అవీ నోట్లో వేడి దుంప పెట్టుకున్నట్టు పలికారు.

ఇక తొమ్మిదో అధ్యాయం.
కళ్ళు మూసుకున్నాను.
నువ్వు రాసింది నాకు కంఠతా వచ్చు.
చెరువు అడుగు తెగి గనిలోకి దూకిన నీళ్ళు,
నిచ్చెన మీద నాన్న,
భుజాన ఎవరి కొడుకో,
ఒక్కో మెట్టూ నీళ్ళకి వదిలేస్తూ.
పాస్టరుగారు ఆ పేజీ చర్చిలో చదివితే
తుమ్మ మొద్దుల్లాంటి మగవాళ్ళు ముక్కులు చీదారు.
దొరకని పధ్నాలుగు మంది పేర్లతో రాయి నాటారు.
నాన్నది ఆరో పేరు.
చందా నేనూ ఇచ్చాను. ఇవ్వక చస్తానా.

నీళ్ళ చప్పుడు ఎంతకీ రాలేదు.
కళ్ళు తెరిచాను.
తెర మీద తెల్లవారుజాము.
నాన్న సద్ది డబ్బా పట్టుకుని గుమ్మం దిగుతున్నాడు.
దారి చీలేచోట ఆగాడు.
గని వైపు తిరగలేదు.
రైలు పట్టాల వైపు,
తీరిగ్గా, ఎవరో పిలిస్తే వెళ్తున్నట్టు,
చిన్నవాడై, ఇంకా చిన్నవాడై,
పోయాడు.

హాల్లో గొణుగుడు. నీళ్ళేవీ? నిచ్చెనేదీ?
నా ఒళ్ళో పొట్లం ఒలికిపోయింది.

తర్వాత దర్శకుడు, కాలిఫోర్నియా కుర్రాడు,
పలచని కోటులో వణుకుతూ నా దగ్గరికొచ్చాడు.
"క్షమించాలి. అన్ని నీళ్ళకి మా దగ్గర డబ్బు చాల్లేదు."
మరి పట్టాల వైపు ఎందుకు నడిపించావు బాబూ అన్నాను.
"అటువైపు వెలుతురు బాగుంది" అన్నాడు.

ఇర్మా,
ఆ రోజు నీకు ఎనిమిదేళ్ళు, మూలగదిలో జ్వరం.
డబ్బా సర్దింది నేను.
రై రొట్టె తీసెయ్యమన్నాడు.
మేజోళ్ళు పెట్టమన్నాడు, రెండు జతలు.
క్షౌరం కత్తి తనే పెట్టుకున్నాడు.
నా తల మీద చెయ్యేశాడు. కొంచెం బరువుగా.
కిటికీలోంచి చూశాను, అదే వెలుతురు.

మధ్యాహ్నం గని సైరన్ మోగింది.
రాత్రికి అమ్మ విధవ అయింది.
కంపెనీ ఇచ్చిన డబ్బుతో ఆవుని కొంది,
ఆ ఆవు పాలు తాగి నువ్వు బతికావు,
చదువుకున్నావు,
ఆ నిచ్చెన రాశావు.
నేనెప్పుడు చెప్పను, చెప్పు?
ఏ మెట్టు దగ్గర?

అమ్మకి తెలుసో లేదో.
నాన్న బట్టలన్నీ దానమిచ్చేటప్పుడు
ఒక్కొక్కటీ మడత విప్పి లెక్కపెట్టింది.
మేజోళ్ళు మాత్రం అడగలేదు.

రాత్రి కారు ఎంతకీ స్టార్ట్ కాలేదు.
హిల్యా మనవడు తోశాడు.
"సినిమాలో అబద్ధాలు పెట్టారు కదూ, ఐలీ పెద్దమ్మా?" అన్నాడు.
దుప్పట్లు అన్నాను.
దుప్పట్లు మరీ తెల్లగా ఉన్నాయిరా.