మోసరి

గుంతకల్లు జంక్షను, మూడో నంబరు ప్లాట్‌ఫారం.
బొంబాయి మెయిలు గంటన్నర లేటు.
నేను క్యారేరు మూత తీస్తాంటే
నా కూతురు దిల్షాదు
బెంచీ మీద కాళ్లు ముడుసుకోని
బ్యాంకు పరీక్ష పుస్తకం తెరిసింది.

"నాయనా, పోర్ట్ అంటే ఏందో చెప్పు."
ఓడలు నిలబడే తావు, అంటి.
"అది వేరే. ఇది లాటిన్ది. మోయడం అని.
ఓబుళేసు సారు చెప్పినాడు,
మాటని మొత్తంగా బట్టీ కొట్టొద్దు,
అతుకు యాడుందో చూడండని."

అతుకు సంగతి నాకు చెప్పల్నా!
షంటింగ్ యార్డులో రేత్రంతా అదే శబ్దం.
పెట్టె ఒగటే.
ఈ తట్టు ఇంజను తగిలిస్తే హుబ్లీకి పోతాది,
ఆ తట్టు తగిలిస్తే రేణిగుంటకి.

అదీ తగిలిస్తా పాయ.
ఇమ్ పెడితే లోపలికి మోసేది,
ఎక్స్ పెడితే బయటికి,
ట్రాన్స్ అయితే అవతల గట్టుకి.
మోసుకోని వెనక్కి తెచ్చి చెప్పేది రిపోర్టు.
సపోర్టంటే కింద నిలబడి మోయడమంట.
ఆ మాట నాకు నడుం కాడ అర్థమయ్యింది.

"మరి పోర్ట్రెయిటు?" అంటి, తెలివి చూపీను.
"అది మనోళ్లది కాదు నాయనా.
మొగం అట్ల ఉండాది గానీ వంశం వేరే.
స్పోర్ట్ మాత్రం మనదే,
ముందర పెట్టె ఎప్పుడో తెగిపాయ."

ఎర్రంగీ మీద నా ఇత్తడి బిళ్ల.
దాని మీదికి వేలు తెచ్చింది.
"పోర్టర్‌లో ఈ కడా రెండక్షరాలు చూడు,
అవే మనిషి.
మిగిలిందంతా మోత."

ఉగ్గాని నోట్లోనే ఉండిపాయ.
ముప్పై ఏండ్లు ఆ బిళ్ల మోసినా.
దాంట్లో నేను యాడుండానో
ఈ పొద్దు తెల్సింది.

పెట్టెలకు చక్రాలొచ్చినప్పట్నుంచీ
ఆ రెండక్షరాలే ఊడిపోతాండాయి.
మోత పోలేదు,
గడగడమంటా నా కండ్ల ముందరే పోతాంది
మనిషి లేకుండా.
పేరు మార్చినారు, సహాయక్ అని.
తోడు పోయేవాడు అని దాన్నీ విప్పి చెప్పె.
పెట్టే కుక్కపిల్ల మాదిరి ఓనరెంబడి పోతాంటే
నా తోడు ఎవురికి కావల్ల?

"అట్లాంటి తోక మనకూ ఉండాది గదా," అంటి.
"కుమ్మరి, కమ్మరి, నేర్పరి..."
కుమ్మరికి చక్రం అన్నం పెట్టె,
నా కాడ లాక్కుండె.
"మోసేటోన్ని ఏమనల్ల?"
పెన్ను కొరుక్కుంటా చాన్సేపు చూసి
"మోసరి," అనె.
యా నిఘంటువులోనూ ఉండదు.
మార్కులూ పడవు.
అయినా రఫ్ కాగితం మూలకి రాసుకునింది.

సిగ్నలు పడినాంక ఇంగో మాట.
ఫెర్ అన్నా మోయడమేనంట.
సఫర్ అంటే కిందుండి మోయడం, బాధ.
"సఫరంటే ప్రయాణం గదా?"
హైద్రాబాదు బండి దిగే సాయిబుల నోట
ఎన్నిసార్లు విన్లేదు!
"అది ఇంకో భాష నాయనా, కలపొద్దు.
తప్పయితాది."

తప్పే గావచ్చు.
బండి వచ్చె. ఎస్-ఫోర్ తలుపు కాడ
చక్రాల్లేని రేకు ట్రంకు దించుకోలేక
ఒగ ముసలామె కేకేసె.
తుండుగుడ్డ చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుంటి.
ఆమె సఫరూ నా సఫరూ
ఒకే మెట్లెక్కుతాండాయి.

ఎనక దిల్షాదు,
పుస్తకం చంకలో పెట్టుకోని,
ఖాళీ క్యారేరు మోసుకుంటా.