కాల్చాక తగ్గిన బరువు

వన్నూరప్ప తెచ్చిన రాయి
యూరియా సంచి మూలలో ఉంది.
సంచి మూతికి డ్రిప్ పైపు ముక్కతో కట్టు.
లత్తవరం నుంచి అనంతపురం దాకా
బస్సులో కాళ్ళ మధ్య పెట్టుకొని వచ్చాడట.

"వజ్రం కాదులే మేడమ్, నాకెరికే.
తొలకరి పడితే నా చేను నిండా
బళ్ళారోళ్ళు, కర్నూలోళ్ళు తలకాయలు వంచుకొని తిరగతారు.
వాళ్ళు పారేసి పోయిందే ఇది."

నీలం అనలేం, పచ్చ అనలేం.
నాచు ఎండిపోయిన కుడితి తొట్టి రంగు.
గోటితో గీకితే సబ్బులా జారింది.
ఒక చుక్క ఆసిడ్ వేశాను.
బుస్సుమంది.
వన్నూరప్ప కుర్చీ వెనక్కి జరిపాడు.

"కింబర్లైటు" అన్నాను.
"అయ్యుంటాది" అన్నాడు.

రాళ్ళను పిండి చేయడం నా ఉద్యోగం.
మన గుండ్లన్నీ ఒక తీరు:
నూటికి డెబ్బై పాళ్ళు సిలికా,
పిలిస్తే పలకని రాళ్ళు.
దీనికి సిలికా ముప్పై దాటితే గొప్ప.
మెగ్నీషియం మాత్రం దోసిళ్ళతో పోసినట్టు.
నికెల్, క్రోమియం,
ఈ ఎర్రనేలకు ఏ వరసా కాని పేర్లు.
లెన్సు కింద ఒక గార్నెట్,
పగిలిన దానిమ్మ గింజ,
ఆ ఎరుపులో ఊదా కలిసిందంటే
దాని పుట్టిల్లు ఇక్కడ కాదు.

పుట్టిల్లు మాంటిల్.
అక్కడంతా కరిగిన నిప్పు అనుకుంటాం. కాదు.
అదీ రాయే.
గోరు పెరిగినంత నిదానంగా నడిచే రాయి.
దాంట్లో ఏ మూలో ఓ చిటికెడు కరిగి,
దొరికిన పగులు పట్టుకొని,
దారిలో వజ్రాలు తగిలితే వాటినీ ఎక్కించుకొని
పైకి ఉరికింది.
నూటపది కోట్ల ఏండ్ల కిందటి మాట.
వజ్రం ఉట్టి ప్రయాణికురాలు.
నాకు బండి మీదే ప్రేమ.

"ఎంత లోతు?"
"ఐదు లక్షల అడుగులు."

వన్నూరప్ప సంచి మడత పెట్టడం ఆపాడు.
"నేను వెయ్యి అడుగులు దించినా. ఐదు తూర్లు.
ఐదు తూర్లూ దుమ్మే లేసింది.
అంత కింద నుంచి మోటారు లేకుండా
ఇదెట్లొచ్చె?"

"లోపలి గ్యాసు తోసింది," అన్నాను, "గ్యాసు, నీళ్ళు."

అనకుండా ఉండాల్సింది.

"నీళ్ళా?"

మా రిపోర్టులో చివరి గడి పేరు
'కాల్చాక తగ్గిన బరువు.'
వెయ్యి డిగ్రీల కొలిమిలో పెట్టి తీస్తే
ఆకుపచ్చ పొడి ఇటుకరంగుకు తిరిగింది,
నూటికి పదకొండు పాళ్ళు లేవు.
నాలుగు గాలి. ఏడు నీళ్ళు.

తడి కాదు అని చెప్పాను.
పిండితే రాదు, తోడితే రాదు,
రాయి తన ఒంట్లోకి నేసుకున్న నీళ్ళు.
అందులో లోతువెన్నో,
తర్వాత ఇంకిన పాతకాలపు వానలెన్నో
నా దగ్గరున్న మిషన్ చెప్పలేదు.

అతను ఎకరాలు లెక్కేస్తున్నాడు.
"అయితే నా చేలో నీళ్ళుండాయి.
రాసియ్యి మేడమ్, మా ఇంటామె నమ్మదు."

రాసివ్వలేదు.
గాజు గొట్టంలో మరో చెంచా పొడి పోసి
బర్నరు మీద ఏటవాలుగా పట్టాను.
చాలాసేపు ఏమీ కాలేదు.
వరండాలో ఎవరో ఫోన్లో చీనీకాయల ధర అడుగుతున్నారు.
అప్పుడు, చల్లగా ఉన్న కొసన,
చెమట.
ఒక బొట్టు. దాని పక్కన ఇంకొకటి.

మంట ఆర్పి, గొట్టం చల్లారాక ఇచ్చాను.
వన్నూరప్ప చిటికెనవేలు లోపలికి పోనిచ్చి
తీసి, కొసను నాలుకకు తాకించుకున్నాడు.
వద్దనే లోపే.

కాసేపు ఆలోచించాడు,
పెళ్ళిలో పప్పు రుచి చూసేవాడిలా.

"చప్పగుండాయి," అన్నాడు.
"మా ట్యాంకీ నీళ్ళకంటే నయం."